అస్సాయే ఏనుగు: మద్రాస్ రెజిమెంట్ బ్యాడ్జిలో రాయలసీమ చరిత్ర

సైన్యంలో చేరిన కుర్రాడి ఫోటో కర్నూలు, అనంతపురం, కడప జిల్లాల్లో చాలా ఇళ్ళ గోడల మీద కనిపిస్తుంది. చూసినవాళ్ళు ముఖం చూస్తారు, ఛాతీ మీద పతకాలుంటే వాటి గురించి అడుగుతారు. టోపీ మీది బ్యాడ్జిని మాత్రం దాదాపు ఎవరూ పట్టించుకోరు. ఆ కుర్రాడు మద్రాస్ రెజిమెంట్‌లో పనిచేస్తుంటే ఆ బ్యాడ్జి మీద అడ్డంగా పెట్టిన రెండు కత్తులు, వాటిపైన ఒక ఏనుగు ఉంటాయి. దక్షిణాది వాళ్ళ రెజిమెంట్ కాబట్టి గుడి ఏనుగునో, అడవి ఏనుగునో గుర్తుగా పెట్టుకున్నారని చాలామంది అనుకుంటారు. కానీ అది ఒక్క రోజు జరిగిన ఒక్క యుద్ధానికి గుర్తు. సైన్యంలో దాన్ని అస్సాయే ఏనుగు అంటారు.

ఆ యుద్ధం 1803 సెప్టెంబర్ 23న జరిగింది. గెలిచింది ఈస్టిండియా కంపెనీ, ఓడింది మరాఠాలు. స్వతంత్ర భారత సైన్యం ఆ విజయాన్ని తన విజయంగా లెక్కపెట్టదు, ఆ పేరుతో ఉత్సవం జరపదు. ఏనుగును మాత్రం ఉంచుకుంది. యుద్ధాన్ని పక్కన పెట్టి దాని గుర్తును ఉంచుకోవడం సబబేనా అన్నది సైనిక చిహ్నాల గురించి అడగాల్సిన ప్రశ్నల్లో ముఖ్యమైనది. రాయలసీమకు ఈ ప్రశ్నతో నేరుగా సంబంధం ఉంది. ఆ యుద్ధం నాటి కంపెనీ సైన్యపు లెక్కల్లో ఈ నేల ఉంది, ఆ సైన్యంలో తెలుగు సిపాయిలూ ఉన్నారు.

ముందుగా, సైనికుడి దుస్తుల మీద ఉండే గుర్తులన్నీ ఒకటి కావు. భుజం మీది నక్షత్రాలు, సింహాలు, చేతి మీది పట్టీలు హోదాను చెబుతాయి. చేతి పైభాగాన కుట్టే రంగుల గుర్తు అతను ఏ డివిజన్ కింద, ఏ కమాండ్ కింద పనిచేస్తున్నాడో చెబుతుంది. బదిలీ అయితే అది మారుతుంది. టోపీ బ్యాడ్జి అలా మారదు. అది రెజిమెంట్‌ది. సిపాయిగా చేరిన రోజు నుంచి రిటైరయ్యే దాకా చాలామందికి అదే బ్యాడ్జి ఉంటుంది. అందుకే దళం తన పాత జ్ఞాపకాలను అక్కడే దాచుకుంటుంది. ఫిరంగి దళం ఈరోజు రాకెట్లు, క్షిపణులు వాడుతున్నా దాని బ్యాడ్జి మీద ఇప్పటికీ పెద్ద చక్రం ఉన్న పాతకాలపు ఫిరంగే ఉంది. కాబట్టి బ్యాడ్జిని చదివేటప్పుడు బొమ్మ ఏమిటన్న దగ్గర ఆగిపోకూడదు. దాన్ని ఎవరిచ్చారు, ఎందుకిచ్చారు, ఆ తర్వాత ఏది తీసేశారు, ఏది ఉంచారు అని చూడాలి. ఇందులో చివరిదే ఎక్కువ విషయం చెబుతుంది.

అస్సాయే ఇప్పటి మహారాష్ట్రలోని జాల్నా జిల్లాలో ఒక చిన్న ఊరు. కైల్నా, జూవా అనే రెండు ఏర్లు కలిసే చోట దౌలత్‌రావ్ సింధియా, బీరార్ రాజు భోంస్లేల సేనలు దిగి ఉన్నాయి. వాటి మీదికి ఆర్థర్ వెల్లెస్లీ తనకంటే ఎన్నో రెట్లు పెద్దదైన సైన్యమని తెలిసే వెళ్ళాడు. తర్వాత వాటర్లూలో నెపోలియన్‌ని ఓడించి డ్యూక్ ఆఫ్ వెల్లింగ్టన్‌గా పేరు తెచ్చుకున్నది ఇతనే. మరాఠాల దగ్గర బాగా తర్ఫీదు పొందిన పదాతి దళాలు, మంచి ఫిరంగులు ఉన్నాయి. వెల్లెస్లీ గెలిచాడు కానీ దాదాపు 1,600 మంది చనిపోయో, గాయపడో అతని సైన్యం బాగా దెబ్బతింది. అతని వెంట ఉన్న ఇంగ్లండు రాజు పటాలాలు మూడే. రెండు స్కాట్లండ్ పదాతి దళాలు, ఒక గుర్రపు దళం. మిగిలిన బలగంలో చాలా భాగం కంపెనీ మద్రాసు సైన్యానికి చెందిన సిపాయిలు, రౌతులు. యుద్ధం తర్వాత గవర్నర్ జనరల్, అంటే వెల్లెస్లీ సొంత అన్న, అక్కడ పోరాడిన పటాలాలకు గౌరవ పతాకాలు ప్రకటించాడు. అస్సాయే పేరుకు తోడుగా ఏనుగు బొమ్మ ఆ పటాలాల గుర్తయింది. స్కాట్లండ్ దళం వారసులు ఆ పతాకాన్ని ఇప్పటికీ ఉంచుకున్నారు. ఇక్కడ అది మద్రాసు సిపాయిల బ్యాడ్జిలో నిలిచింది.

ఈ కథలోకి రాయలసీమ మూడేళ్ళ ముందే వచ్చింది. 1792, 1799 మైసూరు యుద్ధాల్లో టిపు సుల్తాన్ ఓడినప్పుడు కడప, గుత్తి, అనంతపురం ప్రాంతాలు నిజాం వాటాకు వెళ్ళాయి. హైదరాబాదులో నిజాం కోసం కంపెనీ ఒక సైన్యాన్ని ఉంచేది, దాని ఖర్చు నిజామే భరించాలి. 1800 అక్టోబర్‌లో జరిగిన ఒప్పందంలో నిజాం ఆ ఖర్చు కింద ఈ ప్రాంతాలనే కంపెనీకి అప్పగించాడు. బళ్ళారి, అనంతపురం, కడపలతో పాటు ఇప్పటి కర్నూలు, నంద్యాల జిల్లాల్లోని ఆదోని, పత్తికొండ, కోయిలకుంట్ల వైపు భాగాలు కూడా అందులో ఉన్నాయి. కర్నూలు కోట మాత్రం 1839 దాకా నవాబు చేతిలోనే ఉండిపోయింది. దత్త మండలాలన్న పేరు అలా వచ్చింది. సూటిగా చెప్పాలంటే సీమ రైతు కట్టిన శిస్తును ఒక సైన్యం జీతానికి జమకట్టారు. ఈ మాట పాఠ్యపుస్తకాల్లో ఒక వాక్యంగా వచ్చి వెళ్ళిపోతుంది. కానీ దక్కన్ సైనిక చరిత్రలో దాని బరువు చాలా ఎక్కువ.

ఏ సైన్యం ఖర్చు కోసం ఈ నేలను ఇచ్చారో ఆ హైదరాబాదు సైన్యం కూడా 1803లో అదే దండయాత్రకు బయల్దేరింది. కర్నల్ స్టీవెన్సన్ దాన్ని నడిపించాడు. రెండు సైన్యాలు రెండు దారుల్లో వెళ్ళి 24న కలిసి దాడి చేయాలన్నది పథకం. వెల్లెస్లీ ఒకరోజు ముందే శత్రువును చూసి ఆగకుండా యుద్ధానికి దిగాడు. స్టీవెన్సన్ చేరుకునేసరికి అంతా అయిపోయింది. కాబట్టి ఏనుగు గుర్తు వెల్లెస్లీ వెంట ఉన్న మద్రాసు పటాలాలకు వచ్చింది. ఒక్క రోజు తేడా ఏ దళం టోపీ మీద ఏ బొమ్మ ఉండాలో నిర్ణయించింది.

అప్పట్లో దత్త మండలాల ప్రధాన కలెక్టరు థామస్ మన్రో. సీమలో మన్రో అంటే రైత్వారీ పద్ధతి, భూముల సర్వే, మంత్రాలయం కథ గుర్తుకొస్తాయి. నిజానికి ఆయన మొదట సైనికుడు. 1780లో మద్రాసు సైన్యంలో చేరి హైదరలీ మీద, టిపు మీద యుద్ధాల్లో పాల్గొన్నాడు. అస్సాయే యుద్ధం అయిన కొన్ని వారాలకు వెల్లెస్లీ తన దాడిని సమర్థించుకుంటూ మన్రోకు ఒక సుదీర్ఘమైన ఉత్తరం రాశాడు. సైనిక వ్యవహారాలు తెలిసినవాడు కాబట్టి ఆయన అభిప్రాయం తనవైపు ఉండాలని అందులోనే చెప్పుకున్నాడు. స్టీవెన్సన్ వచ్చేదాకా ఎందుకు ఆగలేదన్న ప్రశ్నకు మొట్టమొదటి వివరణల్లో ఒకటి ఇలా దత్త మండలాల కలెక్టరుకు అందింది. తర్వాత మద్రాసు గవర్నరైన మన్రో 1827 జూలై 6న కర్నూలు జిల్లా పత్తికొండలో కలరాతో చనిపోయాడు. ఆయన్ని మొదట గుత్తిలో ఖననం చేశారు. గుత్తి కోట చూడడానికి వెళ్ళేవాళ్ళలో ఆయనకు అస్సాయేతో సంబంధం ఉందని తెలిసినవాళ్ళు తక్కువ. అక్కడ ఒక పలక మీద ఈ విషయం రాసి పెడితే బాగుంటుంది.

ఇక సిపాయిల సంగతి. మద్రాసు సైన్యంలో తమిళులు, తెలుగువాళ్ళు, దక్కన్ ముస్లింలు కలిసి పనిచేశారు. తెలుగువాళ్ళు ఎంత ముందునుంచీ ఉన్నారంటే బెంగాల్‌లో, ఉత్తరాదిలో కంపెనీ సిపాయి ఎవరైనా సరే తిలంగా అని పిలిచే అలవాటు చాలాకాలం ఉండేది. మద్రాసు సైన్యానికి మనుషులు దొరికే చోట్లలో దత్త మండలాలు కూడా ఒకటి. అప్పటి సీమలో ఆయుధం పట్టడం తెలిసినవాళ్ళకు కొరత లేదు. మన్రో వచ్చేనాటికి ఇక్కడ 80 మంది దాకా పాలెగాళ్ళు వేలాది బంట్లను పెట్టుకుని ఉన్నారు. కంపెనీ వాళ్ళను అణచివేసి, కోటలు పడగొట్టి, బలగాలను చెదరగొట్టింది. ఆ బంట్లలో కొందరు వ్యవసాయానికి, కొందరు ఊరి కావలికి మళ్ళారు. మద్రాసు పటాలం కూడా అలాంటివాళ్ళకు తెరిచి ఉన్న ఒక దారి.

యుద్ధానికి గుర్తుగా ఏనుగునే ఎందుకు పెట్టారన్న దానికి ఆ కాలపు బ్రిటిష్ చిహ్నాల అలవాటు చూస్తే జవాబు దొరుకుతుంది. వాళ్ళు దేశాలను జంతువులుగా బొమ్మ కట్టేవాళ్ళు. 1799లో శ్రీరంగపట్నం పడిపోయాక చేయించిన పతకం మీద బ్రిటిష్ సింహం మైసూరు పులిని నేలకు అదిమి పట్టి ఉంటుంది. అందులో ఎవరు గెలిచారో, ఎవరు ఓడారో దాచిపెట్టలేదు. అస్సాయే ఏనుగు అలాంటి బొమ్మ కాదు. దాని మీద సింహం లేదు, దాని కాళ్ళకింద ఎవరూ లేరు. ఇండియాలో పనిచేసి వచ్చిన దళమని చెప్పడానికి ఏనుగును వాడేవాళ్ళు. ఓడినవాడిని అవమానించే భాగం ఆ బొమ్మలో లేదు. తర్వాతి కాలంలో దాన్ని ఉంచుకోవడం సాధ్యం కావడానికి ఇదే పెద్ద కారణం. శ్రీరంగపట్నం పతకం మీది సింహం, పులి బొమ్మే ఏ భారతీయ పటాలానికైనా బ్యాడ్జిగా వచ్చి ఉంటే 1947 తర్వాత ఒక్క రోజు కూడా నిలిచేది కాదు.

జంతువుల ద్వారా గెలుపు ఓటములు చెప్పడం సీమకు కొత్త కాదు. విజయనగర కాలపు గుళ్ళలో సింహమో, యాళి అనే సింహం లాంటి ఊహాజంతువో ఏనుగు మీద కాళ్ళు మోపి నిలబడిన స్తంభాలు ఎన్నో ఉన్నాయి. లేపాక్షి వీరభద్రస్వామి గుడి కట్టిన కాలంలో రాజ్యమేలిన అచ్యుతదేవరాయల నాణేల మీద గండభేరుండం ఉంటుంది. రెండు తలల ఆ పక్షి ముక్కులతో, గోళ్ళతో ఏనుగులను పట్టుకుని ఉంటుంది. కళింగ రాజులు గజపతులు, విజయనగర రాజులు నరపతులు, దక్కన్ సుల్తానులు అశ్వపతులు అని పిలుచుకున్న రోజుల్లో ఏనుగును ఓడించే పక్షిని నాణెం మీద వేయడానికి ఒక అర్థం ఉంది. విజయనగర ముద్రల్లోని వరాహం, కత్తి, సూర్యచంద్రులు కూడా ఇలాంటి రాజలాంఛనాలే. యూరప్‌లో కవచం ఆకారం లోపల జంతువును గీసి వంశానికి గుర్తుగా పెట్టుకునే పద్ధతి ఉంటే, ఇక్కడ శాసనం నెత్తిన, నాణెం మీద, గుడి కప్పు మీద లాంఛనం చెక్కే పద్ధతి ఉండేది. రెండూ చేసే పని ఒకటే.

గండభేరుండం ఆ తర్వాత మైసూరు ఒడయార్ల రాజముద్ర అయింది. మైసూరు సంస్థాన సైన్యం దాన్నే ధరించింది. దేశానికి స్వాతంత్ర్యం వచ్చాక సంస్థానాల సైన్యాలను భారత సైన్యంలో కలిపినప్పుడు మైసూరు పదాతి దళం మద్రాస్ రెజిమెంట్‌లో 18వ పటాలమైంది. తిరువాన్కూరు పటాలాలు కూడా ఇందులోనే చేరాయి. అచ్యుతరాయల నాణెం మీద ఏనుగును పట్టుకున్న పక్షి గుర్తుగా ఉన్నవాళ్ళు ఏనుగు గుర్తు కిందికి వచ్చారు. తిరువాన్కూరు వాళ్ళు అస్సాయేలో లేరు. మైసూరు సంస్థానం అప్పట్లో కంపెనీకి స్నేహరాజ్యం. ఇంత భిన్నమైన గతాలున్న సైనికులు ఒకే బ్యాడ్జి కింద నిలబడినప్పుడు ఆ బొమ్మకు 1803లో ఉన్న అర్థం ఒక్కటే మిగలదు. అది క్రమంగా దక్షిణాది సైనికుడి గుర్తుగా మారింది. ఈ మార్పు ఉత్తర్వుతో జరిగింది కాదు, కలిసి పనిచేయడం వల్ల జరిగింది.

బ్యాడ్జి తన మొదటి యజమానిని పూర్తిగా దాటి వెళ్ళిపోయిన ఉదాహరణ కూడా దక్కన్ నుంచే ఉంది. హైదరాబాదులో కంపెనీ రెసిడెంటుగా, అంటే నిజాం దగ్గర కంపెనీ ప్రతినిధిగా ఉన్న హెన్రీ రస్సెల్ 1813లో నిజాం కోసం ఒక బ్రిగేడ్‌ను తయారు చేశాడు. అతని కుటుంబ చిహ్నంలో శిలువ పట్టుకున్న సగం సింహం ఉంది. ఆ దళాల వారసత్వం హైదరాబాదు కంటింజెంట్ ద్వారా 19వ హైదరాబాద్ రెజిమెంట్‌కు వచ్చింది. క్రమంగా అందులో కుమావోన్ కొండల వాళ్ళు ఎక్కువయ్యారు. 1945 అక్టోబర్ 27న దాని పేరు కుమావోన్ రెజిమెంట్‌గా మార్చారు. పేరు మారినా ఆ సింహం మాత్రం పోలేదు. హిమాలయాల అంచుల్లో పుట్టిన సైనికుడు ఈరోజు హైదరాబాదు రెసిడెంటు ఇంటి చిహ్నాన్ని టోపీ మీద పెట్టుకుంటున్నాడు. అతనికి అది రస్సెల్ సింహం కాదు, పరమవీరచక్ర సోమనాథ్ శర్మ ధరించిన రెజిమెంట్ సింహం.

1950 జనవరి 26న దేశం గణతంత్రమైనప్పుడు సైన్యం చిహ్నాల్లో అన్నిటికంటే పెద్ద మార్పు జరిగింది. రాజు కిరీటం పోయి సారనాథ్ సింహాలు వచ్చాయి. మేజర్ భుజం మీద అంతకుముందు కిరీటం ఉండేది, ఆ చోట నాలుగు సింహాల ముద్ర వచ్చింది. సుబేదార్ మేజర్‌కూ అంతే. అడ్డకత్తుల మీద సింహాలు నిలబడిన గుర్తు భారత సైన్యం మొత్తానికి చిహ్నమైంది. ఆ సింహాలను చెక్కించిన అశోకుడి మాటలు కర్నూలు జిల్లా బండల మీద ఇప్పటికీ చదవవచ్చు. గుత్తికి దగ్గరలోని ఎర్రగుడిలో అశోకుడి పద్నాలుగు ప్రధాన శిలాశాసనాలూ ఉన్నాయి. పత్తికొండ ప్రాంతంలోని రాజుల మందగిరిలో మరో చిన్న శాసనం ఉంది. పద్నాలుగింటిలో పదమూడవది కళింగ యుద్ధం గురించినది. లక్షమంది చనిపోయారని, లక్షన్నర మందిని తరలించారని, అందుకు తాను బాధపడుతున్నానని రాజు స్వయంగా చెప్పుకున్న శాసనం అది. కళింగలోనే, ధౌళి, జౌగడల్లో, ఆ శాసనాన్ని చెక్కించలేదు. ఎర్రగుడిలో చెక్కించాడు. యుద్ధం గెలిచి పశ్చాత్తాపపడిన రాజు గుర్తును ఒక దేశం తన సైన్యం నెత్తిన పెట్టుకోవడం మామూలు నిర్ణయం కాదు. సైనిక చిహ్నాల చరిత్రలో ఇంతటి ఎంపిక అరుదు. సీమ విద్యార్థులకు ఎర్రగుడి బండను, మేజర్ భుజం మీది సింహాలను పక్కపక్కన చూపించి పాఠం చెప్పవచ్చు.

కిరీటాన్ని తీసేయడం తేలిక, ఎందుకంటే అది యజమాని గుర్తు. అంతకంటే కష్టమైన ప్రశ్న యుద్ధ గౌరవాల దగ్గర వచ్చింది. ప్రతి రెజిమెంట్‌కూ తను గెలిచిన యుద్ధాల పేర్ల పట్టిక ఉంటుంది. పాత రెజిమెంట్ల పట్టికల్లో చాలా పేర్లు భారతీయుల మీదే గెలిచిన యుద్ధాలవి. స్వతంత్ర భారత సైన్యం అలాంటి పేర్లను అభ్యంతరకరమైన గౌరవాలుగా విడదీసింది. వాటి వార్షికోత్సవాలు జరపరు. అస్సాయే కూడా ఆ కోవలో చేరింది. సరిగ్గా ఇక్కడే మొదటి ప్రశ్న తిరిగి ఎదురవుతుంది. పేరు పనికిరానప్పుడు ఏనుగు ఎలా పనికొచ్చింది?

ఈ ప్రశ్నను తేలిగ్గా తీసుకోకూడదు. సీమలో కంపెనీ సైన్యం అంటే దూరపు కథ కాదు. 1846లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి తిరగబడినప్పుడు ఆయన మీదికి వచ్చింది కంపెనీ బలగాలే. 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఆయన్ని ఉరితీసి, తలను కోట గుమ్మానికి వేలాడదీశారు. ఓర్వకల్లులోని కర్నూలు విమానాశ్రయానికి ఈరోజు ఆయన పేరే ఉంది. సెలవు మీద వచ్చే మద్రాస్ రెజిమెంట్ జవాను ఆ విమానాశ్రయంలో దిగితే, కంపెనీని ఎదిరించినవాడి పేరు కింద నుంచి కంపెనీ ఇచ్చిన ఏనుగుతో నడిచి వస్తాడు. ఈ రెండింటినీ ఒకేసారి గౌరవించడం కుదరదని అనేవాళ్ళు ఉండవచ్చు. నౌకాదళం 2022 సెప్టెంబర్ 2న తన పతాకం నుంచి సెయింట్ జార్జి శిలువను తీసేసి శివాజీ రాజముద్ర స్ఫూర్తితో ఎనిమిది కోణాల గుర్తు పెట్టుకుంది. అదే దారిలో ఏనుగును కూడా తీసేయాలన్న వాదనకు బలం ఉన్నట్టే కనిపిస్తుంది.

కానీ ఈ రెండు విషయాలు ఒకటి కావు. సెయింట్ జార్జి శిలువ ఇంగ్లండు దేశపు గుర్తు, దాన్ని భారత నావికుడు సంపాదించలేదు. ఏనుగు అలా కాదు. ఎవరి కోసం పోరాడినా, పోరాడినది ఇక్కడి మనుషులు, చనిపోయింది ఇక్కడి మనుషులు. కంపెనీ గవర్నర్ జనరల్ సంతకం చేసి ఉండవచ్చు, దానికి వెల కట్టింది మాత్రం సిపాయిలు. యుద్ధం పేరును ఉత్సవంగా జరపకపోవడం సరైనదే, ఎందుకంటే ఆ గెలుపు వాళ్ళది కాదు. ఏనుగును ఉంచుకోవడమూ సరైనదే, ఎందుకంటే ఆ ధైర్యం వాళ్ళది. సైన్యం ఈ రెండింటినీ విడదీసి చూసింది. ఆలోచించి చేసిన మంచి పని ఇది.

ఏనుగును తీసేయాలనే వాదన మరచిపోయే ఇంకో విషయం ఉంది. మద్రాసు సిపాయిని చిన్నచూపు చూసింది కూడా బ్రిటిష్‌వాళ్ళే. 1881 నుంచి 1885 దాకా మద్రాసు సైన్యానికి అధిపతిగా ఉన్న లార్డ్ రాబర్ట్స్ దక్షిణాది వాళ్ళు యుద్ధానికి పనికిరారని గట్టిగా నమ్మాడు. తర్వాత దేశ సైన్యానికే అధిపతి అయ్యాడు. వీరజాతులనే సిద్ధాంతం విధానంగా మారి, సైన్యంలో చేర్చుకోవడం పంజాబు, నేపాలు వైపు మళ్ళింది. తెలుగువాళ్ళకు దారులు మూసుకుపోయాయి. 1928 నాటికి 3వ మద్రాస్ రెజిమెంట్‌లోని రెగ్యులర్ పటాలాలన్నీ రద్దయ్యాయి. ఏ మద్రాసు దళాల భుజాల మీద దక్కన్‌లో సామ్రాజ్యం నిలబడిందో ఆ దళాలనే చేతకానివని పక్కన పెట్టారు. రెండో ప్రపంచ యుద్ధంలో మనుషులు అవసరమయ్యాక 1941–42లో రెజిమెంట్‌ను మళ్ళీ లేపారు. కాబట్టి ఈరోజు ఏనుగును తీసేస్తే చెరిగిపోయేది వెల్లెస్లీ జ్ఞాపకం కాదు. వీళ్ళు సైనికులు కారన్న మాట తప్పని చెప్పడానికి రెజిమెంట్ దగ్గర ఉన్న పాత సాక్ష్యం చెరిగిపోతుంది.

బ్యాడ్జితో పాటు రెజిమెంట్‌కు ఒక ఆదర్శ వాక్యం కూడా ఉంది. స్వధర్మే నిధనం శ్రేయః. భగవద్గీత మూడో అధ్యాయం 35వ శ్లోకంలోది. వైమానిక దళం నభః స్పృశం దీప్తం అన్న మాటను అదే గీత పదకొండో అధ్యాయం నుంచి తీసుకుంది, కానీ అక్కడ అది విశ్వరూపాన్ని చూసిన అర్జునుడి ఆశ్చర్యం. మద్రాస్ రెజిమెంట్ ఎంచుకున్నది కృష్ణుడి బోధ. అందులో రాజు లేడు, ప్రభువు లేడు. తన కర్తవ్యంలో చావడం మేలన్న మాటే ఉంది. ఏనుగు మోసుకొచ్చిన గతానికి ఈ వాక్యం కొత్త దిక్కు చూపిస్తుంది. యుద్ధ నినాదం వీర మద్రాసి, అడి కొల్లు, అడి కొల్లు అన్నది తమిళం, మలయాళాలకు దగ్గరి మాట. కడప కుర్రాడైనా, కొల్లాం కుర్రాడైనా నీలగిరుల్లోని వెల్లింగ్టన్ శిక్షణ కేంద్రంలో అదే నేర్చుకుంటాడు, తంబి అనే పిలుపు వింటాడు. ఆ ఊరికి వెల్లింగ్టన్ పేరు వచ్చింది కూడా అస్సాయే గెలిచినవాడి వల్లనే.

ఇంత చరిత్ర ఉన్న గుర్తులను బైకుల మీద, ఆటోల మీద స్టిక్కర్లుగా అంటించుకోవడం మన ఊళ్ళలో మామూలైపోయింది. అభిమానంతో అంటించుకున్నవాళ్ళ మీద ఎవరికీ కోపం ఉండదు. కానీ సైనికుడు కాని వ్యక్తి తాను సైనికుడినని నమ్మించే ఉద్దేశంతో సైనిక దుస్తులో, గుర్తో ధరిస్తే భారతీయ న్యాయ సంహిత 168వ సెక్షన్ కింద మూడు నెలల వరకు జైలు, 2,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. టోల్‌గేటు దగ్గర, చెక్‌పోస్టు దగ్గర ఇలాంటి గుర్తు చూపించి దాటాలనుకునేవాళ్ళు ఈ సంగతి తెలుసుకోవాలి.

ఇంట్లో తాతల నాటి బ్యాడ్జీలు, గుండీలు ఉన్నవాళ్ళు వాటిని పాత ఇత్తడి సామానుతో కలిపి అమ్మేయకుండా ఒకసారి జాగ్రత్తగా చూడాలి. కిరీటం ఉంటే అది 1950కి ముందుది. నాలుగు సింహాలు ఉంటే ఆ తర్వాతది. కిరీటం తీరును బట్టి ఇంకా దగ్గరగా చెప్పవచ్చు. విక్టోరియా కాలపు కిరీటానికి పైభాగం రెండు వైపులా కిందికి వంగి ఉంటుంది, 1901 తర్వాతి రాజుల కాలంలో అది గుండ్రంగా పైకి ఉబికి ఉంటుంది. బ్యాడ్జి మీది అక్షరాల్లో దళం పేరు దొరుకుతుంది. పతకాలు ఉంటే వాటి అంచును వెలుతురులో తిప్పి చూడాలి. చాలా పతకాల అంచు మీద సైనికుడి నంబరు, హోదా, పేరు, దళం పేరు చిన్న అక్షరాల్లో చెక్కి ఉంటాయి. బ్రాసో లాంటి పాలిష్‌లతో పదేపదే రుద్దితే ఆ అక్షరాలే ముందు అరిగిపోతాయి కాబట్టి మెత్తటి పొడిగుడ్డతో తుడిస్తే చాలు. ఆ నంబరును, దళం పేరును కాగితం మీద రాసి డిశ్చార్జి బుక్కుతో కలిపి భద్రపరచాలి, ఎందుకంటే ఆ మనిషి సర్వీసు వివరాల కోసం రెజిమెంట్ రికార్డ్స్ ఆఫీసుకు రాసేటప్పుడు అవే మొదట అడుగుతారు.